రెండోపాలి పిలిస్తేనే

కరోనా సద్దుమణిగాక వచ్చిన చలికాలంలో మా ఆసుపత్రి వాళ్ళు నన్ను విశాఖ నుంచి అరకులోయలో ఉన్న తమ చిన్న శాఖకు వేశారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషిని కొండెక్కించడంలో వాళ్ళకేం సరదానో తెలియదు. నేను ఆడియాలజిస్టును. అంటే చెవికి మందిచ్చే మనిషిని కాదు, చెవి ఎంత వింటోందో కొలిచే మనిషిని. మందులు, ఆపరేషన్లు ఈఎన్‌టీ డాక్టరు పని. హోదాలో ఆయన పైన, నేను కింద. కానీ నా గ్రాఫు చూడకుండా ఆయన కలం కదలదు.

మా పరీక్ష గది గురించి కొంచెం చెప్పాలి. గోడలకు మందపాటి స్పాంజి, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, లోపలి మనిషి కనిపించేలా ఒక అద్దం. తలుపులు వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు. కాసేపు కూర్చుంటే మన ఊపిరే ఎవరో పక్కన కూర్చుని తీస్తున్నట్టు వినిపిస్తుంది. పేషెంటుకు హెడ్‌ఫోన్లు తగిలించి, నేను అద్దానికి ఇవతల ఆడియోమీటరు ముందు కూర్చుని సన్నటి కూత పంపుతాను. వినపడితే చెయ్యెత్తాలి. కూతను పెంచుతూ తగ్గిస్తూ, ఎక్కడ చెయ్యి లేవడం మానేస్తుందో అక్కడ గ్రాఫు మీద గుర్తు పెడతాను. యంత్రం ఎంత ఖరీదైనదైనా పరీక్ష మొత్తం ఆ చేతి మీదే ఆధారపడి ఉంటుంది.

పొద్దెక్కినా మంచు విడవని ఒక రోజున జానకి అనే అమ్మాయిని వాళ్ళ పిన్ని తీసుకొచ్చింది. కాఫీ తోటల వాళ్ళు. ఢిల్లీలో ఏదో ప్రదర్శనలో అరకు కాఫీ కాచి ఇవ్వడానికి ఊళ్ళో కొందరిని పంపితే ఈ అమ్మాయీ వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో జలుబుతోనే విమానం ఎక్కింది.

విమానం దిగుతున్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. గుటక వేసినప్పుడల్లా అది తెరుచుకుని చెవిలో ఒత్తిడిని సరిచేస్తుంది. జలుబు చేస్తే ఆ దారి వాచి మూసుకుపోతుంది, కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది. అందుకే జలుబుతో విమానం ఎక్కవద్దంటాం. తప్పదంటే దిగేటప్పుడు నిద్రపోకుండా గుటకలు వెయ్యమంటాం. ఈ అమ్మాయికి ఇదంతా చెప్పినవాళ్ళు లేరు. పైగా తుమ్మితే చుట్టుపక్కలవాళ్ళు కరోనా వచ్చిన మనిషిని చూసినట్టు చూస్తున్నారని, దిగేటప్పుడు ముక్కూ నోరూ బిగించి తుమ్మును ఆపుకుంది. ఎడమ చెవిలో టప్పుమని, కళ్ళు తిరిగాయట.

కర్ణభేరి వెనక నీరు చేరిందని మా డాక్టరు చూశారు. అదొక్కటే అయితే భయం లేదు, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ తుమ్ము ఆపిన ఒత్తిడికి లోపలి చెవి పొర చినిగి ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. వెంటనే విశాఖలో ఆపరేషన్ చెయ్యాలి, లేకపోతే ఆ చెవి ఇక పనికిరాదు. ఈ రెండిట్లో ఏదో తేల్చాల్సింది నా గ్రాఫు.

పరీక్ష పెట్టాను. ఆ అమ్మాయి చెయ్యి ఎత్తనే లేదు. ఎడమ చెవికే కాదు, బాగున్న కుడి చెవికీ ఎత్తలేదు. గది బయట మాత్రం నేను వెనక నుంచి మెల్లగా పేరు పిలిచి, మళ్ళీ పిలిస్తే చక్కగా తిరిగి చూసింది. ఇలాంటిదాన్ని మేం దొంగ చెవుడు అంటాం. వికలాంగుల సర్టిఫికెట్టు కోసం వచ్చి ఉంటుందని, చెవిలో వేసుకునే చుక్కల మందు రాసి పంపేద్దామని డాక్టరు గారు విసుక్కున్నారు. పిన్ని ఆ మాట వింది.

"దొంగేసాలెయ్యడానికి మాకేటి పని బాబూ? కాపీ పళ్ళు కోతకొచ్చీసినాయి. మా గుంటకి బేగి ఏదో సెయ్యండి."

నాకు మనుషుల్ని తొందరగా నమ్మే గుణం లేదు. అయినా ఇంకోసారి చూస్తానని డాక్టరు గారిని ఒప్పించాను. ఈసారి యంత్రం ముల్లును కాక అద్దంలోంచి ఆ అమ్మాయినే చూస్తూ కూత పంపాను. చెయ్యి లేవలేదు. కుర్చీ పట్టుకున్న వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి. స్థాయి మార్చి ఇంకో కూత పంపాను, మళ్ళీ బిగుసుకున్నాయి. వింటోంది. విని, పలక్కుండా ఓర్చుకుంటోంది.

తలుపులు తీసి, వినపడుతున్నా చెయ్యి ఎందుకు ఎత్తడం లేదని అడిగాను.

"ఒక్కపాలే పిలుత్తంది మేడం. కనపడకుండా ఒక్కపాలి పిలిత్తే పలక్కూడదు. మనిసైతే రెండోపాలి పిలుత్తాడు."

అడవిలో, మంచులో, ఎవరో కనపడకుండా ఒక్కసారే పిలిస్తే వాళ్ళ ఊళ్ళో అదీ పద్ధతి. ఆ అమ్మాయి చెప్తుంటే నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు మా మైదానాల్లోనూ సందెవేళ మా అమ్మమ్మ ఇదే చెప్పేది. స్పాంజి గోడల గదిలో కూర్చోబెట్టి, మొహం లేని కూతను ఒక్కొక్కటిగా పంపి, పలకమంటున్నాను నేను.

ఆ తర్వాత ప్రతి కూతనూ వెంటవెంటనే రెండుసార్లు పంపాను. కుడి చెవికి చెయ్యి టక్కున లేచింది, వినికిడి నిక్షేపంలా ఉంది. ఎడమ చెవికి మార్చాను. కీచుమనే సన్నటి కూతలకు శబ్దం ఎంత పెంచినా చెయ్యి లేవలేదు. నీటితో పనిలేకుండా నేరుగా లోపలి చెవికి చేరేలా చెవి వెనక ఎముకకు ఆనించి పంపినా అంతే. అంటే దెబ్బ లోపలి చెవికే.

గుర్తులు పెట్టుకుంటూ మీట మీద నుంచి వేలు తీశాను. అప్పుడు ఆ అమ్మాయి వేళ్ళు బిగుసుకున్నాయి. నేనేమీ పంపలేదు. మెల్లగా తల ఎడమవైపు తిప్పి, ఏమీ లేని గోడను చూసింది. దాచుకోవడం దేనికి, నాకు భయం వేసింది. మైకులో అడిగితే నింపాదిగా చెప్పింది.

"ఇమానం దిగినకాడ్నించీ ఈ చెవిలో ఎవులో పిలుత్తన్నారు మేడం. ఎప్పుడూ ఒక్కపాలే. నాను పలకలేదు."

దెబ్బతిన్న నరం చేసే చప్పుడు అది. అలాగే చెప్పాను. తలూపింది కానీ గోడ మీంచి చూపు తిప్పలేదు.

గ్రాఫు చూశాక డాక్టరు గారు వెంటనే జీపు తెప్పించారు. విమానం దిగేటప్పుడు చెవికి జరిగేదే ఘాట్ రోడ్డు దిగేటప్పుడూ నెమ్మదిగా జరుగుతుంది. అందుకని జీపు మెల్లగా నడపమని, తల ఎత్తి కూర్చోమని, గుటకలు వెయ్యమని, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమని చెప్పి పంపాను. లోపలి పొర చినిగే ఉంది. విశాఖలో అతుకు వేశారు.

కాఫీ కోతలు అయిపోయాక మళ్ళీ పరీక్షకు వచ్చింది. బాగా సన్నటి కూతలు తప్ప ఎడమ చెవి చాలావరకు తిరిగొచ్చింది. చెవిలో పిలుపు ఇంకా ఉందా అని అడిగాను, అది రికార్డులో రాయాలి కనక.

"లేదు మేడం. ఆపరేసనయ్యాక ఒకనాడు రెండోపాలి పిలిసింది. పలికినాను. మరి పిలవలేదు."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ పేషెంటుకూ కూతను ఒక్కసారి పంపి ఊరుకోలేదు. చెయ్యి లేవలేదంటే చెయ్యి లేవలేదనే అర్థం, వినపడలేదని కాదు. ఈ సంగతి నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఆ అమ్మాయి చివరి రిపోర్టులో, చెవిలో పిలుపు ఆగిందని రాసి సంతకం పెట్టాను. ఎవరికి పలికావని మాత్రం అడగలేదు.