పదకొండు గుడ్లు, ఒక సాక్షి

ఆ రోజుల్లో ఏది పోయినా ముందు లెక్క కట్టి, తర్వాతే బాధపడేవాణ్ణి. (ఎవరూ నేర్పిన విద్య కాదు, నాందేడ్ జిన్నింగ్ మిల్లులో పత్తి తూకాలు రాస్తూ నేనే పట్టుకున్నాను.) ఆ వేసవిలో పోయినవి ఇవి: బావ పెంచే లవ్ బర్డ్స్ గుడ్లు పదకొండు, అక్క అత్తగారికి నా మీదున్న నమ్మకం మొత్తం, వంటింట్లో అందరి పక్కన కూర్చుని తినే హక్కు.

నేను ఉండేది అక్కావాళ్లింట్లోనే. గుడ్డు పేరు కూడా ఎత్తని ఇల్లది. గుడ్లన్నీ పిల్లలవుతాయన్న హామీ మీదనే అత్తమ్మ ఆ పక్షుల్ని రానిచ్చింది. గుడ్లేమో పిల్లలు కాకుండా మాయం కాసాగాయి. అలాంటి ఇంట్లో అనుమానం ఎలుక మీదికి పోదు. జీతం తెచ్చుకుంటూ, పొద్దుగూకాక ఆమ్లెట్ బండ్లుండే స్టేషన్ వైపు నుంచి వచ్చే పెళ్లికాని కుర్రవాడి మీదికి పోతుంది.

"పది గుడ్లు వొయినయ్. ఏడికి వొయినయ్ రా పోరగా?" అన్నది అత్తమ్మ.

నాకు రోషం వచ్చింది. "గోరంత గుడ్లు అత్తమ్మా! నలభై కలిపితే గాని ఒక్క ఆమ్లెట్ గాదు. గంత దానికి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కూడా దండుగ!"

"ఉల్లిగడ్డ ఏస్తరని నీకెట్ల ఎరుక?"

లెక్క తప్పలేదు, అడగని సరుకు కలిపాను, అంతే. ఆ పూటే నా కంచం వాకిట్లోకి వచ్చింది. ఇంకొక్క గుడ్డు పోతే మూట కట్టుకోమన్నది. నాందేడ్‌లో నాకు ఇంకో గడప లేదు.

కొన్నాళ్లకు ఓ పొద్దున బావ కేక వేశాడు. గూట్లో వేలంత సన్నటి నల్లపాము, వీపు పొడవునా తెల్లచార, నోట్లో గుడ్డు! "కట్లపామురో!" అంటూ కట్టె ఎత్తాడు.

"కొట్టకు బావా, అది నా సాక్షి!" అని అడ్డం పడ్డాను. (ప్రాణం కంటే కంచం పెద్దదనిపించే వయసు.)

కేక విని అత్తమ్మ కూడా వచ్చింది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. గుడ్డు మెడ దాకా జారి ఆగింది. చిన్న చిటుకు. ఉబ్బు అణిగింది. కాసేపటికి పాము నలిగిన పెంకును కాగితం ఉండలా కక్కేసింది. బావ కదలగానే మెలికలు తిరిగి తల ఎత్తి, నోరు తెరిచి తెగ బెదిరించి, జాలీ సందులోంచి జారుకుంది. దానికి విషం లేదనీ, మెడ లోపలి ఎముకల మొనలతోనే గుడ్డు పగలగొట్టుకుంటుందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

అత్తమ్మ తీరిగ్గా అన్నది: "పామే నయం. ఉల్లిగడ్డ అడగలే."

గూటి కింద వెతికితే పెంకుల ఉండలు ఎనిమిదే దొరికాయి. కంచం లోపలికి వచ్చింది గానీ, "కడమ మూడు?" అన్న ప్రశ్న మాత్రం వాకిట్లోనే నిలబడింది. చీమలు మోసుకుపోయుంటాయన్నాను. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు నాకే మనవలున్నారు. పోయినసారి చూడబోతే అత్తమ్మకు మాట పడిపోయింది. నన్ను గుర్తుపట్టిందో లేదో అనుకుంటూ మంచం పక్కన కూర్చున్నాను. దుప్పటి లోంచి చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. బోసినోటితో నవ్వుతూ, వేళ్లు ఎత్తి చూపించింది.

మూడు.