ఒక్క కుర్చీ, రెండు స్పీకర్లు

మౌలాలిలో నేను అద్దెకున్న పోర్షన్‌లో ముందు గది పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. ఈ కొలతలు ఇప్పటికీ నాకు నోటికి వస్తాయి. తిరుమలగిరిలో ఉండే ఒక మిలటరీ ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ తన విదేశీ స్పీకర్ల జతను నాకు అమ్మారు. నడుమెత్తు పెట్టెలు, టేకు రంగు, ముందు నల్ల గుడ్డ. ట్రాలీ ఆటోలో వాటి మధ్యన కూర్చుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో రెండింటినీ పట్టుకుని ఇంటికి తెచ్చాను.

వాటిని ఎలా నిలబెట్టాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నేను పదో తరగతితో చదువు ఆపి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరినవాణ్ణి. స్టేషనుకు అవతల ఉన్న గ్రంథాలయంలో, ఎవరూ ముట్టుకోని ఇంజనీరింగ్ అరలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివాను. స్పీకరును గోడకు ఆనిస్తే కింది స్వరాలు ఉబ్బిపోతాయి. కింద గట్టి బరువు ఉండాలి. అందుకని రెండు షాబాదు బండలు తెచ్చి, మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుని సమంగా పరిచాను. లోపలి కాగితపు గిన్నె చుట్టూ ఉండే మెత్తటి నురగ పట్టీ ఎండకు పెళుసెక్కి రాలిపోతుంది కాబట్టి పడమటి కిటికీకి పాత బొంత కట్టాను. ఆఫీసులో డిగ్రీలున్న వాళ్లకు ఇవేవీ తెలియవు. ఆ సంగతి నాకు లోలోపల సంతోషంగానే ఉండేది.

పుస్తకం ప్రకారం రెండు స్పీకర్లూ, వినే మనిషీ మూడు మూలల్లో ఉండాలి, మూడు వైపులా దూరం ఒకటే కావాలి. నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. అలా చూస్తే ఆ గదిలో సరిగ్గా వినపడే చోటు ఒక్క కుర్చీకే ఉంది. ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి అది లోపమని తోచలేదు. సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చి, అన్నం పొయ్యి మీద పెట్టి, క్యాసెట్ ప్లేయరులో పాట వేసుకుని ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి. యార్డులో గూడ్సు బండి కదిలితే అది పోయేదాకా ఆగి, పాట మళ్లీ మొదటి నుంచి వేసుకునేవాణ్ణి.

పక్క పోర్షన్‌లో రిటైరైన టీచరమ్మ ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. ఆవిడ భర్త పోయి రెండేళ్లయింది. మా రెండు వంటిళ్లూ వెనక ఒకే వరండాలోకి తెరుచుకుంటాయి. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆవిడ వంటింట్లోని చిన్న టేప్ రికార్డర్‌లో ఒకే క్యాసెట్ మోగేది. నలుగురు కలిసి పాడే కీర్తనలు.

ఒక శనివారం ఆవిడ ఆ క్యాసెట్ పట్టుకుని వచ్చారు.

"తమ్ముడు గారూ, రేపు ఇది మీ పెద్ద పెట్టెల్లో వేస్తారా? క్వయర్ ప్రాక్టీసులో పట్టిన టేపు. మా వారి గొంతు ఉన్నది ఇదొక్కటే. ముప్పై ఏళ్లు బేసు, అదే కింది స్వరం, పాడారు."

నా కుర్చీలో మరొకరు కూర్చోవడం అదే మొదటిసారి కాబోతోంది. ఆ సాయంత్రమంతా స్పీకర్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. వైర్లు విప్పి కొసలను స్పిరిట్‌తో శుభ్రం చేశాను. ఆ వైరులో రెండు పోగులూ ఒకే రంగు. తేడా తెలియడానికి మొదట్లోనే కాగితం ముక్కల మీద ధన, ఋణ అని రాసి అన్నం మెతుకుతో అంటించుకున్నాను. ఎడమ పెట్టె వెనక చూస్తే ఆ మెతుకు కోసం బొద్దింకలు కాగితాలను కూడా తినేశాయి. ఏ పోగు ఏదో గుర్తున్నట్టే అనిపించి కొత్త కాగితాలు అంటించి బిగించేశాను.

మరునాడు టీచరమ్మ చర్చి చీరలోనే వచ్చి కూర్చున్నారు.

"మరి మీరెక్కడ కూర్చుంటారు?"

"నాకు గడప చాలు టీచరమ్మా. మీరు కుర్చీ మాత్రం జరపకుండ్రి."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"తీస్కోండ్రి. మెల్లగ."

ఆవిడ నవ్వారు. నేను టేపు వేశాను. ఆడగొంతులు అద్దంలా వచ్చాయి. రెండో కీర్తన అయ్యేసరికి ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"ఈయన లేరేంటండీ?"

"ఉంటరు. జెర ధ్యానంగ వినుండ్రి."

"లేరు తమ్ముడు గారూ. మా వంటింట్లో వేస్తే గిన్నెలు తోముతున్నా వినిపిస్తారు."

నేను అప్పుడు లేచి వైరు చూడాల్సింది. దానికి బదులు చదివిందంతా ఆవిడ ముందు ఒలకబోశాను.

"చిన్న డబ్బలతోని గిట్లనే ఉంటది టీచరమ్మా. లేని బేసు ఉన్నట్టు గుయ్యిమంటది. మీరు వింటున్నది డబ్బ మోత. టేపుల ఉన్నది గిదే. పుస్తకంల రాసి ఉన్నది."

ఆవిడ కుర్చీలోంచి లేచారు.

"అయితే రెండేళ్ల నుంచీ నేను వింటున్నది డబ్బానా?"

క్యాసెట్ అడిగి తీసుకుని వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం వరండాలో కీర్తన వినిపించలేదు. ఆ పై ఆదివారమూ లేదు. ఎదురైతే "బాగున్నారా" అనేవారు, అంతే. నేను గడపలో నిలబడి ఆ వంటింటి వైపు చెవి పెట్టేవాణ్ణి. కుక్కర్ కూత తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఈ లోపు నా పాటలు కూడా పలచబడినట్టు అనిపించింది. తబలాలో బరువు లేదు, పాడే మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెలియడం లేదు. పట్టీ రాలిపోయిందేమోనని మళ్లీ గ్రంథాలయానికి వెళ్లి అదే పుస్తకం తెచ్చాను. అందులో ఒక పేజీని నేను మొదటిసారి చదవకుండా దాటేశాను. టార్చిలైటు బ్యాటరీ బొమ్మ చూసి, పిల్లల కోసం అనుకున్నాను. బ్యాటరీని వైరు కొసలకు తాకిస్తే రెండు స్పీకర్ల గిన్నెలూ ముందుకే రావాలట. తాకించి చూశాను. కుడిది ముందుకు వచ్చింది. ఎడమది లోపలికి పోయింది.

గాలిని ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతోంది. అలాంటప్పుడు కింది స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఆ బేసు గొంతును చెరిపేసింది నేనే.

వైరు సరిచేయడానికి అయిదు నిమిషాలు పట్టింది. వరండా దాటడానికి మూడు రోజులు పట్టింది. టీచరమ్మ చేటలో బియ్యం ఏరుతున్నారు.

"టీచరమ్మా, తప్పు నాది. వైరు ఉల్టా పెట్టిన. మీ డబ్బనే సరిగ్గ చెప్పింది."

"మీ పుస్తకంలో లేదా ఆ సంగతి?"

"ఉన్నది. నేనే సదవలే."

ఆవిడ ఇంకో నాలుగు రాళ్లు ఏరి పడేసి, చేట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి క్యాసెట్ తెచ్చారు.

ఈసారి కీర్తన మొదలవక ముందే రెండు స్పీకర్ల నడిమధ్యన, గోడకు కాస్త ఇవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత ఆ గొంతు కీర్తన ఎత్తుకుంది. రెండు చరణాలు కాకముందే టీచరమ్మ చెయ్యెత్తారు.

"ఆపండి."

ఆపాను. తప్పు ఇంకా ఉందేమోనని భయపడ్డాను.

"ఇంత దగ్గర వద్దండీ. ఆయన ఇంట్లో ఎప్పుడు పాడినా వరండాలోనే. నేను వంటింట్లో ఉండేదాన్ని. ఎదురుగా కూర్చుని ఏనాడూ వినలేదు." లేచి చీర సర్దుకున్నారు. "టేపు మీ దగ్గరే ఉంచండి. ఆదివారాలు ఆ వెనక తలుపు తీసి వేయండి చాలు."

ఆవిడ మళ్లీ ఆ గదిలోకి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం నేను రెండు స్పీకర్లనూ బండల మీద నుంచి దింపి, వెనక తలుపు దగ్గరికి జరిపి అటు తిప్పేవాణ్ణి. పుస్తకం చెప్పిన కొలత ఒక్కటీ మిగిలేది కాదు. నా కుర్చీ వాటి వెనక పడేది. వెనక నుంచి వింటే ఆడగొంతులు, మాటలు పోయి కింది స్వరం ఒక్కటే మిగులుతుంది. పేరైనా తెలియని ఆ మనిషి బేసు నా వీపు వెనకాల గోడకు తగిలి వచ్చేది. టేపులో ఆయన గొంతు సవరించుకునే చోట వరండా అవతల గిన్నెల చప్పుడు ఆగేది. కీర్తన అయ్యాక మళ్లీ మొదలయ్యేది. అప్పుడు నేను లేచి క్యాసెట్ తీసి, స్పీకర్లను ఒక్కొక్కటిగా జరుపుకుంటూ తెచ్చి, మళ్లీ బండల మీద, సుద్ద గుర్తులకు సరిగ్గా నిలబెట్టేవాణ్ణి.