అన్నయ్యను నిలుపుకున్న ఆసామి

సిరిసిల్లలో మా ఆసామి పోయారన్న కబురు రాయికల్ బడికి అన్నయ్యే తెచ్చాడు. మూడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. కుంటుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "ఆసామి పోయిండు, నడువే" అన్నాడు. సెలవు అడిగితే హెడ్మాస్టరు గారు, "ఏమవుతారమ్మా మీకు?" అన్నారు. "కాక" అన్నాను, బాబాయి అన్నట్టు. ఆయన మాకు చుట్టం కాదు. నన్ను చదివించిన మనిషి అని చెబితే సరిపోయేది. అదైనా పూర్తిగా నిజమో కాదో నాకు తెలియదు. ఆ తికమకతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొన్ని సాంచలు, అంటే మరమగ్గాలు పెట్టుకుని, సేట్ల దగ్గర నూలు తెచ్చి కూలికి బట్ట నేయించే వాళ్ళను మా దగ్గర ఆసాములంటారు. మా ఆసామి అందులోనూ చిన్న ఆసామి. వయసులో ఉన్నప్పుడు బొంబాయి మిల్లులో పనిచేసి, ఫుట్‌బాల్ పిచ్చి ఒక్కటే వెంట తెచ్చుకున్నారు. తన షెడ్డులో పనిచేసే వాళ్ళతోనే జట్టు కట్టారు. ఆటగాళ్ళ అంగీలు తన సాంచల మీద నేసిన బట్టతోనే కుట్టించేవారు. అవి గంజికి గరగరలాడి మెడ కోసుకుపోయేవి. తోలు బంతి చినిగితే ఎవరి చేతికీ ఇవ్వకుండా గడప మీద కూర్చుని తనే కుట్టేవారు. జట్టు ఓడిపోతుంటే "సూద్దాం, ఇంక టైమున్నది" అనేవారు. ఆట అయిపోయాక కూడా అదే మాట.

నక్సలైట్ల గొడవ జోరుగా ఉన్న ఏళ్ళవి. తెల్లవారుజామున పడుచువాళ్ళు గుంపుగా పరుగెత్తితే పోలీసులు ఆపేవారు. ఒకసారి అలా ఆపినప్పుడు ఆసామి బంతి చంకలో పెట్టుకుని స్టేషనుకు పోయి, ఎస్సై బల్ల మీద పెట్టారట. "గీని కోసమే సార్ ఉర్కుతుండ్రు. ఇంకేం లేదు." ఎస్సై దాన్ని నొక్కి చూసి, "గాలి తక్కువున్నది" అన్నాడట. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఆసామి నవ్వలేక దగ్గేవారు.

మా జట్టుకు గోల్స్ కొట్టేది అన్నయ్య. టోర్నమెంటులో అతని ఆట చూసిన నాటినుంచి కోరుట్ల జట్టును నడిపే బట్టల షావుకారు ప్రతి ఏడూ స్కూటరు మీద మా ఇంటికి వచ్చేవాడు. దుకాణంలో కూర్చుని చేసే కొలువు, నెల జీతం, ఆట రోజున వేరే బత్తా ఇస్తానన్నాడు. తర్వాత జగిత్యాల వాళ్ళూ రావడం మొదలుపెట్టారు. వాళ్ళు పెంచితే వీళ్ళు పెంచేవారు. ఆసామి పెంచలేరు. చేతిలో లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒక్కడికి మీటరు కూలి పెంచితే షెడ్డంతా అడుగుతుంది. "బంతికి మీటరుకెంత ఆసామీ? మేం గూడ తంతం" అని మిగతా వాళ్ళు అప్పటికే ఎకసెక్కాలాడేవారు. ఆ రోజుల్లో కూలి తగాదా సంఘం దాకా పోయేది. అక్కడ తేలకపోతే అడవిలోని అన్నల దాకా పోయేది.

నాన్న బొంబాయి దగ్గర భీవండిలో సాంచల మీద ఉండేవాడు. ఐదో తరగతి తర్వాత బడి మానేసి నేను అమ్మతో బీడీలు చుడుతున్నాను. ఒకనాడు పొద్దున ఆసామి వచ్చి, తునికాకు కట్ట పక్కకు జరిపి కూర్చున్నారు.

"అక్కా, పోరని కూలి పెంచలేను. పోరిని బడికి తోలు. ఫీజు, బుక్కులు నా మీదున్నయి."

"వానికియ్యాల్సింది దీనికెందుకు?" అంది అమ్మ.

"దీనికిస్తే షెడ్డుల ఎవ్వలడగరు."

అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. అన్నయ్య మాత్రం నవ్వి ఊరుకున్నాడు. కోరుట్ల పోలేదు.

ఏటేటా షావుకారు మాట పెరిగింది. ఏటేటా నా చదువూ పెరిగింది. పదో తరగతి, ఆ తర్వాత జగిత్యాలలో హాస్టలు, ఇంటరు. "మీ అన్న కాళ్ళతోని సదువుతున్నవే నువ్వు" అనేది పక్కింటి వదిన.

నేను ఇంటరులో ఉండగా ఒక ఆటలో అన్నయ్య మోకాలు విరిగింది. ఇక ఆడలేడన్నారు. నేను పెట్టె సర్దుకున్నాను. బీడీల చాట మళ్ళీ ఒళ్ళోకి వచ్చినట్టే అనిపించింది. ఆసామి హాస్టలుకు వచ్చి, సర్దిన పెట్టె చూశారు.

"సెలవులా బిడ్డా?"

"అన్న ఆడడు గద కాకా."

"ఆడడు."

"మరి నా ఫీజు?"

"కట్టిన." పెట్టెను మంచం కిందికి నెడుతూ, "కొత్త పోరడు దొరికిండు. మంచిగనే తంతడు. కని వానికి చెల్లె లేదు. ఏం జెయ్యాల్నో సమజయితలేదు" అన్నారు.

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. టీచర్ ట్రైనింగు అయ్యేదాకా ఆయనే కట్టారు. అన్నయ్య మాత్రం ఆ షెడ్డులోనే, అందరి కూలికే, ఆ కాలి మీదనే నిలబడి నేస్తున్నాడు. నాకు దక్కింది ఆయన దయా, లేక అన్నయ్యకు దక్కాల్సినదా? ఆయన ఎదురుగా ఉన్నన్నాళ్ళు అడగడానికి నోరు రాలేదు.

మానేరు ఒడ్డున చితి అంటించాక కోరుట్ల షావుకారు కనిపించాడు. జుట్టు నెరిసింది. "టీచరమ్మవైనవా బిడ్డా? నీ సదువు ఖర్సు మేం గూడ పెట్టుకుంటమన్నం. మీ అన్నే ఇనలే" అన్నాడు.

నా ఫీజు కోసమే అన్నయ్య ఆసామి దగ్గర ఆగిపోయాడని ఇన్నేళ్ళుగా నేను అనుకుంటున్నదంతా అక్కడే తప్పయిపోయింది. అన్నయ్యను పక్కకు పిలిచి అడిగాను.

"నిజమే" అన్నాడు.

"మరెందుకు పోలే?"

"వాళ్ళు ఒర్రుకుంట, అరుసుకుంట ఆడుతరే. మనం సాంచల చప్పుడుకు సైగలతోనే మాట్లాడుకుంటం గద, గ్రౌండుల గూడ గంతే. ఆసామి గీత బయట నిలవడి చెయ్యిట్ల లేపితే బంతి ఎటు కొట్టాల్నో నాకు తెలుస్తుండె. ఆడ నాకెవరు జెప్తరు?"

"గందుకోసం కొలువు ఇడిసిపెట్టినవా?"

"ఏమో. గప్పుడు గట్లనే అనిపిచ్చింది."

అయితే నా ఫీజు దేనికి కట్టినట్టు? అన్నయ్య ఎలాగూ పోడని ఆయనకు తెలుసా? తెలిసే కట్టారా? ఆయనంటే నాకు కృతజ్ఞత ఉంది. దేనికని అడిగితే మాత్రం చెప్పలేకపోతున్నాను.

మగవాళ్ళు స్నానానికి నీళ్ళలోకి దిగారు. అన్నయ్య మోకాలు వంగదు, ఒడ్డు జారుతోంది. ముందు దిగిన షావుకారు వెనక్కి వచ్చి చెయ్యి అందించాడు. అన్నయ్య పట్టుకున్నాడు. దిగాక కూడా ఇద్దరూ చేతులు వదలకుండా ఆ నీళ్ళలో అలాగే నిలబడ్డారు, ఎవరు ముందు మునగాలో తెలియనట్టు.