మొదటి ఎపిసోడ్‌లో చచ్చేవాళ్ళు

పొద్దున షిఫ్ట్‌కు వెళ్ళే మా కంపెనీ బస్సులో ఎవరూ మాట్లాడుకోరు. పటాన్‌చెరులో ఎక్కింది మొదలు సుల్తాన్‌పూర్‌లో దిగేదాకా అందరి తలలూ ఫోన్ల మీదికి వంగి ఉంటాయి. నా పక్క సీట్లో కూర్చునే అక్క ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది కాదు. సౌండ్ బయటికి పెట్టి ఆటల షోలు చూసేది. అవి ఏ దేశానివో మాకు తెలియదు, మాటలు మాత్రం హిందీలో వచ్చేవి. గిరగిరా తిరిగే దూలాల మీంచి దూకాలి, జారే మెట్లు ఎక్కాలి, గోడలోంచి ఉన్నట్టుండి వచ్చే గుద్దుల్ని తప్పించుకోవాలి. తప్పించుకోలేనివాడు బురదలో పడతాడు. పడ్డప్పుడల్లా అక్క పగలబడి నవ్వేది, ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు.

కొన్నాళ్ళకు బురద పోయి కత్తులు వచ్చాయి. గెలిచినవాళ్ళు బతుకుతారు, ఓడినవాళ్ళు చస్తారు, అలాంటి సిరీస్‌లు. అవి చూసేటప్పుడు అక్క నవ్వేది కాదు. ఆపేది కూడా కాదు.

"గా నీలం బనీనోడు బతుకడు, సూడు," అనేది.

"నీకెట్ల తెలుసక్కా?"

"వాని ఇంటి సంగతి సూపించిండ్రా? లేదు గదా. ఎవ్వని ఇల్లు సూపించరో వాడు ముందుగాల పోతడు."

ఆమె చెప్పినట్టే జరిగేది. నాకు మా నాయనమ్మ చెప్పిన కథలు గుర్తొచ్చేవి. కత్తులు ఊగే గుమ్మాలు దాటి రాకుమారుడు లోపలికి పోయేవాడు. అతనికంటే ముందు వెళ్ళిన వాళ్ళంతా ఆ గుమ్మాల దగ్గరే చచ్చి పడి ఉండేవారు. వాళ్ళు ఎవరి పిల్లలో నాయనమ్మ చెప్పేది కాదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

అక్క నాకు రక్తసంబంధం కాదు. కంపెనీలో సిరంజీలు ప్యాక్ చేసే లైన్‌లో ఇద్దరం పక్కపక్కనే నిలబడేవాళ్ళం. ఆమెది గుమ్మడిదల దగ్గర ఊరు. బడిలో కబడ్డీ ఆడింది. ఆదివారం చర్చిలో పాటలు పాడేది, ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. ఆమె భర్త ఒక గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, ఆయన్ను నేను బావ అంటాను. వాళ్ళకు ఒక్కతే కూతురు. నాది జోగిపేట వైపు. బడిలో ఖోఖో ఆడినదాన్ని. ఆటల మాట మీదే మేం దగ్గరయ్యాం.

అలాంటి వాళ్ళు కావాలనే ఒక రోజు మా లైన్‌లోని అమ్మాయి ద్వారా కబురు వచ్చింది. పటాన్‌చెరు దగ్గర మూతబడ్డ పైపుల ఫ్యాక్టరీ షెడ్డులో వెబ్ సిరీస్ షూటింగ్ జరుగుతోంది. పరిగెత్తగలిగిన, పైకి ఎక్కగలిగిన ఆడవాళ్ళు కావాలట. రోజు కూలి మాకు కంపెనీలో వచ్చేదానికంటే బాగానే ఎక్కువ.

"పోదం పా," అంది అక్క. "ఎన్నొద్దులు ఫోన్ల సూస్తం? మనం గూడ ఉరుకుదం."

ఇద్దరం సెలవు పెట్టాం.

షెడ్డులో అడుగు పెట్టి చుట్టూ చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా చీకటి గుహలాంటి దారి కట్టారు. కథలో అది ఒక జైలు. ఖైదీ ఆడవాళ్ళను ఆ దారిలోకి తోలుతారు, ప్రాణాలతో అవతలికి వచ్చినవాళ్ళకు విడుదల. మొదట రెండు పక్కల నుంచీ ఊగే పెద్ద పెద్ద దుంగలు. వాటి తర్వాత అడుగున రబ్బరు మేకులు నాటిన గుంట. గుంట దాటితే, కాలు పెట్టగానే వాలిపోయే పలకలు. దుంగలు నిజం చెక్కవి కావు. ఇనుప పైపుల చట్రం మీద ఫోమ్ చుట్టి, బెరడులా రంగు వేశారు. చేత్తో తాకితే మెత్తగా ఉండేవి. గట్టిగా నొక్కితే లోపలి పైపు తగిలేది.

అసిస్టెంట్ డైరెక్టర్ ఒక కుర్రాడు. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి ఎవరెవరు ఎలా చావాలో చెప్పాడు. మా గుంపు మొత్తం మొదటి ఎపిసోడ్‌లోనే చావాలి. మధ్యాహ్నం ప్లేట్లలో అన్నం పెట్టించుకుని అందరం ఆ ముచ్చటే.

"నన్ను దుంగ కొట్టి సంపుతదట. నిన్నో?" అంది అక్క.

"గుంటల పడి మేకులు గుచ్చుకుంటయట."

"నీదే నయం. పండుకొని ఉండొచ్చు," అని నవ్వింది.

పడడం ఎలాగో ఫైట్ మాస్టర్ నేర్పాడు. వయసు మళ్ళినవాడు, మెత్తగా మాట్లాడేవాడు. గడ్డం ఛాతీకి ఆనించుకుని, అరచేయి పరుపు మీద చరిచి, దొర్లాలి. ప్రతి ఒక్కరితో తానే పడి చూపించేవాడు. "చచ్చిపోయాక మాత్రం కదలొద్దమ్మా. కట్ అన్నదాకా ఊపిరి కూడా మెల్లగా తీయాలి. మీరు కదిలారంటే అందరూ మళ్ళీ మొదట్నుంచి చావాలి," అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. మొదటి రెండు రోజులు బాగా గడిచాయి. ఒళ్ళంతా నొప్పులు పుట్టినా చిన్నప్పటి గ్రౌండ్‌లో ఉన్నట్టే అనిపించింది.

మూడో రోజు ఫైట్ మాస్టర్ రాలేదు. ఇంకో షూటింగ్ ఉందని వెళ్ళాడట, ఆయన దగ్గర పనిచేసే మనిషి వచ్చాడు. ఆ రోజు కెమెరాను ఎత్తు మీద పెట్టారు. దుంగల కింద వేసిన పరుపులు కెమెరాలో కనబడుతున్నాయని వెనక్కి లాగించారు. అక్క అది చూసింది.

"సార్, పరుపు జెర దూరమైంది," అంది.

"ఫ్రేమ్‌లో పడుతోందండీ. మీరు కొంచెం అటువైపు పడండి, సరిపోతుంది," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

అక్క దూరాన్ని కంటితో కొలుచుకున్నట్టు ఒకసారి చూసి, తల ఊపి, తన చోటికి వెళ్ళింది.

షాట్ మొదలైంది. అందరం అరుస్తూ పరుగెత్తాం. నేను దుంగలు దాటి గుంటలోకి దూకి, చెప్పినట్టే ఒక పక్కకు ఒరిగి చచ్చిపోయాను. గుంట లోతేం లేదు, మోకాలి దాకా ఉంటుంది. కళ్ళు తెరిచే ఉంచమన్నారు కాబట్టి నాకు దుంగల వైపు అంతా కనిపిస్తోంది. అక్క పరుగెత్తుకొచ్చింది. దుంగ రావలసినదానికంటే ముందే వచ్చింది. పక్క నుంచి తాకి పోవలసింది, సూటిగా నడుం మీద కొట్టింది. అక్క పరుపు దాకా పోలేదు. సిమెంటు నేల మీద వెల్లకిలా పడింది.

దుంగ ఆమె మీంచి వెనక్కి ఊగిపోయింది, మళ్ళీ వచ్చింది. మిగతా ఆడవాళ్ళు పరుగెత్తుతూనే ఉన్నారు. "సూపర్, సూపర్, కంటిన్యూ," అని మైకులో వినిపించింది. అక్క మొహం నా వైపే ఉంది. ఎంత బాగా చేస్తోంది అనుకున్నాను. తర్వాత ఆమె పెదవులు కదిలాయి. చచ్చినవాళ్ళు కదలకూడదు కదా అనుకున్నాను. పెదవులు మళ్ళీ కదిలాయి. ఆమె పిలుస్తున్నది నన్నే.

నేను లేచాను.

"కట్! కట్! ఆ పీనుగెందుకు లేచింది?" అని మైకులో అరుపు. ఎవరో నవ్వారు. దుంగలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. నేను వాటి కిందుగా పాకుతూ అక్క దగ్గరికి పోయాను.

"చెల్లే," అంది, చాలా నెమ్మదిగా. "నా కాళ్ళు ఏడున్నయే?"

ఉన్నాయి. వాళ్ళిచ్చిన ఖైదీ బూట్లతో అక్కడే ఉన్నాయి. ఒకటి కొంచెం పక్కకు తిరిగి ఉంది. "ఉన్నయక్కా, ఈడనే ఉన్నయి," అని వాటి మీద చెయ్యి వేసి చూపించాను. ఆమె నా చేతి వంక చూసింది. చెయ్యి తగిలినట్టు ఆమెకు తెలియలేదు.

అంబులెన్స్ లేదు. వెనక్కి లాగిన పరుపుల్లో ఒకదాన్ని తెచ్చి, దాని మీద పడుకోబెట్టి, సామాన్ల వ్యాన్‌లో ఎక్కించారు. హైవే మీద లారీల మధ్య వ్యాన్ ఆగినప్పుడల్లా అక్క కళ్ళు గట్టిగా మూసుకునేది. నా చెయ్యి వదల్లేదు. బావకు ఫోన్ చేసింది నేనే. "పడ్డది బావా, దెబ్బ తాకింది," అన్నాను. ఆస్పత్రి పేరు చెప్పి పెట్టేశాను.

వెన్నెముక విరిగింది. ఆపరేషన్ చేశారు. తర్వాత డాక్టరు బావను బయటికి పిలిచి మాట్లాడాడు. లోపలికి వచ్చిన బావ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. నడుం కింద ఇక కదలిక రాదన్నారట.

షూటింగ్ మర్నాడే మళ్ళీ మొదలైందని మాతో పనిచేసిన ఒకామె చెప్పింది. ఆస్పత్రికి మొదట్లో ఇద్దరు మనుషులు పళ్ళు పట్టుకుని వచ్చేవారు, మెల్లగా మానేశారు. మా లైన్ అమ్మాయి ద్వారా మమ్మల్ని పిలిపించిన కోఆర్డినేటర్ ఫోన్ స్విచాఫ్. సిరీస్ తీసినవాళ్ళు అక్క తమ మనిషే కాదన్నారు, తన ఇష్టంతో వచ్చిందన్నారు. మా కంపెనీవాళ్ళు సెలవులో జరిగినదానితో మాకేం సంబంధం అన్నారు. బావ సంగారెడ్డి కోర్టుకు ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. కేసు ఇంకా నడుస్తోంది. చర్చివాళ్ళు మంచం ఇచ్చారు, కొన్ని నెలలు బియ్యం ఇచ్చారు. ఆదివారాలు ఇంటికే వచ్చి పాడారు. వాళ్ళతో కలిసి పాడబోతే అక్కకు ఊపిరి అందేది కాదు.

ఆ సిరీస్ వచ్చింది. మా అక్క కూతురికి బడిలో పిల్లలే చెప్పారు. అది ఇంటికొచ్చి ఏడ్చింది. నేను వెళ్ళేసరికి బావ ఫోన్ జేబులో పెట్టుకుని, "వద్దు, నువ్వు సూడొద్దు," అంటున్నాడు.

"నేను సూస్త. నా ఒళ్ళే గదా పోయింది, సూడనియ్యి," అంది అక్క.

తలగడ మీద ఫోన్ నిలబెట్టి నేనే పట్టుకున్నాను. ఆ షాట్ తీసెయ్యలేదు. దుంగ తగలడం, పడడం, రెండోసారి దుంగ మీంచి పోవడం, అన్నీ ఉన్నాయి. నేను లేవబోయే ముందు దాకా ఉంచి అక్కడ తెంపారు. ఎముక విరిగిన చప్పుడు కలిపారు. ఆ రోజు నాకు అలాంటి చప్పుడేదీ వినబడలేదు. బావ బయటికి వెళ్ళిపోయాడు.

"మళ్ళొక్కసారి పెట్టు," అంది అక్క. పెట్టాను. "నా మొకం గూడ సక్కగ సూపియ్యలే," అంది. నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యి. ఇంకెవరు బయటవడ్డరో సూడాలె."

"ఇంకెందుకక్కా?"

"ఒక పోరి నా ఎనకనే ఉరికింది, మన గుంపుది గాదు. అది బతికిందో లేదో తెల్వద్దా?"

సిరీస్ మొత్తం చూసింది. రోజూ నేను డ్యూటీ దిగి వెళ్ళేసరికి ఎంతదాకా వచ్చిందో చెప్పేది. చివరికి హీరోయిన్ ఒక్కతే బయటపడింది. ఆ అమ్మాయికి ఇల్లుంది, అమ్మ ఉంది, జబ్బుతో ఉన్న తమ్ముడున్నాడు, అన్నీ మొదట్లోనే చూపించారు. అక్క వెనక పరుగెత్తిన పిల్ల పలకల దగ్గర చచ్చిపోయింది. అక్క దాని గురించి మాత్రం రెండు మూడు రోజులు బాధపడింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, ఎందుకో చెప్పలేను. ఆ కోపంతోనే ఆమె తల దువ్వాను, జడ వేశాను.

అప్పటి నుంచి నేను అలాంటివి చూడడం లేదు. బస్సులో పక్కవాళ్ళ ఫోన్లోంచి ఆ అరుపులు వినబడుతూనే ఉంటాయి. వాళ్ళను ఆపమని ఎలా అడగాలో తెలియదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను.

ఈ ఏడాది రెండో భాగం తీస్తున్నారని మా లైన్‌లో ఇద్దరు అమ్మాయిలకు పిలుపొచ్చింది. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి వాళ్ళకు జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. ఒకమ్మాయి, "ఇప్పుడు గట్ల లేదంటక్కా, ఇన్సూరెన్స్ గిట్ల అన్నీ రాయించుకుంటుండ్రంట," అంది. ఆదివారం ఇద్దరినీ అక్క దగ్గరికి తీసుకెళ్ళాను. అక్క వాళ్ళను ఏమీ భయపెట్టలేదు. చాయ్ పెట్టించింది, ఊరూ పేరూ అడిగింది. మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచీ వంక ఒకమ్మాయి చూసి తల దించుకుంది. ఆ అమ్మాయి వెళ్ళలేదు. రెండో అమ్మాయి వెళ్ళింది.

ఆమెకు ఏమీ కాలేదు. షూటింగ్ అయ్యాక మిఠాయి డబ్బాతో అక్క ఇంటికి వచ్చింది. అక్క అన్నీ గుచ్చి గుచ్చి అడిగింది. ఈసారి ఏమేం కట్టారు, ఎంత ఎత్తు నుంచి దూకించారు, అన్నం మంచిగా పెట్టారా.

"నేను జల్దీ సావలేదక్కా, నాలుగో ఎపిసోడ్ దాక ఉన్న," అంది ఆ అమ్మాయి, సిగ్గుపడుతూ.

"మంచిగైంది బిడ్డా," అంది అక్క.

ఆమె వెళ్ళిపోయింది. నేను గిన్నెలు కడిగి వచ్చేసరికి అక్క కళ్ళు తెరుచుకుని పైకప్పు వంక చూస్తోంది.

"జెర అటు దిక్కు తిప్పు చెల్లే, గంటసేపైంది," అంది.

ఒక చెయ్యి భుజం కింద, ఒకటి నడుం కింద పెట్టి తిప్పాను. వీపు మీద పుండు మళ్ళీ ఎర్రబడింది. తుడిచి, మందు రాసి, రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టాను.