అవ్వకు చదివి వినిపించిన ప్రకరణం

నా చిన్నప్పటి బేతంచెర్లలో మా పక్కింటి అక్కను వీధంతా ‘ఓడ దిగినోళ్ళ పిల్ల’ అనేది. వాళ్ళ తాత బతుకుదెరువుకు సముద్రం దాటి రంగూన్ పోయాడట. అక్క అక్కడే పుట్టింది. అక్కడ ఉండనివ్వని రోజులు వచ్చాక రెండు ట్రంకుపెట్టెలతో ఓడెక్కి, ఎవరో చెప్పిన పనిని నమ్ముకుని మా ఊరు చేరారు. వాళ్ళ నాన్న నాపరాళ్ళ గనిలో లారీలకు బండలు ఎక్కించే పని చూసేవాడు. అక్కకు వచ్చిన తెలుగంతా వాళ్ళమ్మ నేర్పినదే. అక్క ‘ఎక్కడ’ అంటే మేము ‘యాడ’ అని నవ్వేవాళ్ళం. ఆమె నొచ్చుకునేది కాదు. మా మాటను కాగితం మీద రాసుకునేది.

నాకు పదేళ్ళప్పుడు ఆమె మొదటి నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా మొదలైంది. వారానికొక ప్రకరణం రాసి, శనివారం సాయంత్రం రైలు టపాకు అందించాలి. ఒక్క వారం తప్పినా సీరియల్ ఆపేస్తామని పత్రికవాళ్ళు ముందే రాశారు. నవల మా సీమ కరువు గురించి. ఆ కరువును ఆమె చూడలేదు కాబట్టి మధ్యాహ్నాలు గడపల మీద కూర్చుని ఆడవాళ్ళను అడిగి తెలుసుకునేది. మా అవ్వ దగ్గరికి రావడానికి మాత్రం జంకేది. మాది భూములున్న ఇల్లు. అవ్వ మితభాషి.

అక్క మెప్పు కోసం, అవ్వ నాకొక్కదానికే చెప్పిన సంగతి ఆమెకు చెప్పేశాను. మా నాయన పసివాడుగా ఉన్న కరువులో గాదె ఖాళీ అయితే, అవ్వ ముసుగేసుకుని, తెలిసినవాళ్ళు లేని ఊరికి నాలుగు మైళ్ళు నడిచి, గంజి పోసేచోట వరుసలో నిలబడేదట. కుండను కొంగు కింద దాచి తెచ్చేదట. ఆ గంజి ఎక్కడిదో మా తాతకు కూడా తెలియదట. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది కూడా.

ఆ శనివారం మధ్యాహ్నం అక్క కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎవరి సంగతి రాస్తే వాళ్ళకు చదివి వినిపించాకే టపాలో వేయడం ఆమె నియమమని నాకు తెలియదు. నేను తలుపు వెనక్కి చేరాను. అవ్వ శెనక్కాయలు ఒలుస్తోంది.

“అవ్వా, ఈ వారం రాసింది మీ సంగతి. చదువుతాను, వినండి. వద్దంటే ఇక్కడే చింపేస్తాను” అంది అక్క.

ఎవరు చెప్పారని అవ్వ అడగలేదు. తలుపు వైపు ఒక్కసారి చూసింది. అక్క చదువుతున్నంతసేపూ అవ్వ చేతులు కదలలేదు. ఆ కాగితాలు చినిగితే సీరియల్ ఆగిపోతుందని నాకు తెలుసు. అచ్చయితే మా ఇంటి పరువు పోతుందనీ తెలుసు. రెండూ నా వల్లే.

చదవడం అయ్యాక అవ్వ చేతిలోని కాయ పక్కన పెట్టింది.

“తప్పు రాసినావు పాపా. కుండ నిండుగా తెచ్చినట్ల రాసినావు. దోవలో కూచోని సగం నేనే తాగినా. ఇంట్లో పిల్లోడు ఏడుస్తాంటాడని తెల్సి గూడా తాగినా. ఇది ఎవురికీ చెప్పలేదు.”

అక్క తలొంచుకుంది. ఓడలో తమ్ముడి వంతు రొట్టె తానే తినేసి, వాడికి పెట్టానని అమ్మతో అబద్ధం చెప్పానని మెల్లగా చెప్పింది. అవ్వ ఒలిచిన గింజలు దోసెడు తీసి ఆమె ముందు పోసింది.

“తిను. తిని సక్కంగా రాయి. పేరు, ఊరు మార్చు. రైలుకు ఇంకా టయిముండాది.”

అక్క మా అరుగు మీదే కూర్చుని చివరి రెండు పేజీలు తిరగరాసి స్టేషన్‌కు వెళ్ళిపోయింది. అప్పుడు అవ్వ నన్ను పిలిచింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

“ఓడ దిగినామె నన్ను అడిగింది. నా కొడుకు బిడ్డవు, నువ్వడగలేదు” అంది.

ఆ తర్వాత చాలా కాలం నాకు ఏ సంగతీ చెప్పలేదు. ఆ వెలితి నాకు దెబ్బకన్నా ఎక్కువగా తగిలింది.

అక్క పెళ్ళయి కడపలో టీచరుగా స్థిరపడింది. ఉద్యోగం చేస్తూనే తొమ్మిది నవలలు రాసింది. బయటినుంచి వచ్చినామెకు మా కరువేం తెలుసని మొదట్లో కొందరు పెదవి విరిచారు. దోవలో కూర్చుని సగం గంజి తాగిన తల్లిని చదివాక ఆ మాట తగ్గింది. అక్క పోయి కొన్నేళ్ళయింది.

నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి దినచర్య రాస్తున్నాను. రిటైరయ్యాకా మానలేదు. ఇతరుల సంగతి రాయవలసి వస్తే పెన్సిలుతో రాస్తాను. వాళ్ళకు చదివి వినిపించి, సరేనన్నాక సిరాతో దిద్దుతాను. వద్దన్నవాళ్ళు తక్కువ. నాకు తెలియనిదేదో చేర్చినవాళ్ళే ఎక్కువ. నేను చదివి వినిపించేలోపే పోయినవాళ్ళూ కొందరున్నారు. వాళ్ళ పేజీలు మసకబారుతున్నాయి. అయినా వాటి మీద సిరా పెట్టలేదు.