రేకు మీద పచ్చ గుర్తు

తొంభైల చివర నేను బెంగళూరులో వైట్‌ఫీల్డ్ పక్క ఒక బడిలో టీచర్ని. పోలియో చుక్కల ఆదివారం వచ్చిందంటే మాకు డ్యూటీ తప్పదు. ఆరోగ్య కేంద్రం గోడ మీద ఒక పటం ఉండేది. రోడ్డుకు ఇటు సొంతిళ్ళ లేఅవుట్లు, అటు కట్టడం పనివాళ్ళ రేకుల షెడ్లు. ఇటువైపు ప్రతి వీధికీ చుక్కలు పూర్తయినట్టు రంగు వేసి ఉండేది. తల్లులు పొద్దున్నే పిల్లల్ని చంకనేసుకుని వచ్చి వరుసలో నిలబడేవారు. అటువైపు మాత్రం పటం తెల్లగానే ఉండేది. ఆ తెలుపు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"వాళ్ళు మీ జనమే కదా, మీరే వెళ్ళండి" అని నర్సమ్మ కన్నడంలో నా మీదికి తోసేది. నిజమే, షెడ్లలో ఉన్నవాళ్ళంతా కదిరి, మడకశిర వైపు నుంచి వచ్చినవాళ్ళు. మా తాతలదీ ఆ పక్కే. అలా షెడ్లు నా వంతుకు వచ్చాయి.

చుక్కలు వేశాక ఇంటి తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. మర్నాడు వచ్చేవాళ్ళు గుర్తు లేని ఇళ్ళే వెతుక్కుంటారు. లేఅవుట్లలో టేకు తలుపుల మీద ఆ గుర్తు నెలల తరబడి ఉండేది. షెడ్లకు తలుపంటే ఒక రేకు. దాని మీద తడిబట్ట ఆరేస్తే చాలు, గుర్తు మాయం. "మీరు అసలు వెళ్ళారా?" అని సూపర్‌వైజరు రెండుసార్లు నలుగురిలో నిలదీశాడు. నాకు రోషం ఎక్కువ. మూడోసారి కట్టడంలో పనిచేసే పెయింటర్ని అడిగి, డబ్బా అడుగున మిగిలిన పచ్చ రంగు తీసుకున్నాను. బ్రష్షు లావుది, తేదీ వేయడానికి చోటు చాలలేదు. పెద్ద ఇంగ్లీషు 'పి', పక్కన టిక్కు. బోర్డు మీద రాసినంత పొందికగా ప్రతి రేకు మీదా రాశాను.

చివరి షెడ్డులో ఒకామె నిండు చూలాలు. నేను చుక్కలు వేసిన పెద్దపాపను ఎత్తుకుని, రేకు మీది రాత చూసి నవ్వింది.

"ఇది గట్టిదక్కా. మేం యాడికి పోయినా మాతోనే వస్తాది."

మెచ్చుకుందనుకుని పొంగిపోయాను. ఆసారి పటంలో షెడ్ల వైపు కూడా రంగు పడింది. సూపర్‌వైజరు నాకు టీ తెప్పించాడు.

కట్టడం అయిపోతే కూలీలు షెడ్లు విప్పి, రేకులు లారీకెక్కించుకుని కొత్త చోటికి పోతారు. ఇది నాకు తెలియంది కాదు. మా బడి ముందునుంచే ఎన్నో లారీలు పోయాయి. అయినా తట్టలేదు. నా దస్తూరి చూసుకుని మురిసిపోయేదాన్ని, ఇంకేం తడుతుంది? ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగేళ్ళ తర్వాత నేను బెంగళూరుకే ఇంకో పక్క ఉన్న చందాపుర దగ్గరి బడికి మారాను. అక్కడా షెడ్లు, అక్కడా డ్యూటీ. రెండోరోజు మిగిలిన ఇళ్ళు చూస్తూ పోతుంటే ఒక రేకు మీద పచ్చగా 'పి', టిక్కు కనబడ్డాయి. కాళ్ళు ఆగిపోయాయి. నా చేతిరాత నాకు తెలియదా?

"టీచరక్కా!" అంటూ ఆ చివరి షెడ్డు ఆమే బయటికి వచ్చింది. వెనకే నాలుగేళ్ళ పాప రేకు పట్టుకుని వచ్చింది. కుడికాలు సన్నగా, జీవం లేకుండా ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఏమైందమ్మా?"

"ఏడాది పిల్లప్పుడు జరం వచ్చిందక్కా. తగ్గినాక కాలు నిలబళ్ళేదు. ఆస్పత్రిలో పోలియో అన్నారు."

"చుక్కలు వేయించలేదా?"

"కాన్పుకు ఊరికి పోయింటి. ఆడ అడిగితే, మీరు బెంగళూరోళ్ళు, ఆడే ఏపిచ్చుకోండి అన్నారు. ఈడికి చుక్కలోళ్ళు వస్తానే ఉండ్రి. రేకు చూసి, ఈ ఇల్లు అయిపోయిందని పోతా ఉండ్రి."

ఊరు ఆ పాపను బెంగళూరుకు వదిలేసింది. బెంగళూరు నా గుర్తు చూసి వదిలేసింది. నేను ఆ గుర్తు పెట్టిన రోజుకు ఆ పాప పుట్టనే లేదు.

ఐదేళ్ళ లోపు పిల్లలందరికీ వేయాలి కాబట్టి పాప నోట్లో రెండు చుక్కలు వేశాను. తల్లి నా ముఖంలోకి ఆశగా చూసింది.

"ఇప్పుడేస్తే కాలు బాగవుతాదా అక్కా?"

"బాగవదమ్మా" అన్నాను. ఇక దాచుకోలేక అంతా చెప్పేశాను. ఈ గుర్తు నాదేనని, దీన్ని చూసే చుక్కలవాళ్ళు వెళ్ళిపోయారని, తప్పు నాదని. నాకు ఏడుపు ఆగలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆమె రేకు మీద చెయ్యి వేసింది.

"మీరు రాసిందని తెలుసక్కా. ఒకతూరి చుక్కలోళ్ళు వచ్చినప్పుడు పాపను ఒళ్ళో ఏసుకోని ఈడే కూసోనుంటి. వాళ్ళు రేకు చూసి పోతాంటే, మా టీచరక్క రాసింది గదా, ఇంగ మాకు అక్కర్లేదులే అని నేనూ పిలవలేదు."