కట్టు విప్పని నోట్లు

2023 వేసవిలో నేను జంషెడ్‌పూర్‌లో సాక్చీ దగ్గరి ఒక బ్యాంకు శాఖలో రుణాల విభాగం చూస్తున్నాను. ఆదివారాలు బాగ్‌బేరాలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి, ఇప్పటికీ చెబుతున్నాను. మిగిలిన రోజుల్లో నా పని అనుమానించడం. ఈ రెండింటికీ పొత్తు కుదరదని కొందరంటారు. మనిషి హృదయం ఎంత మోసకరమైనదో లేఖనాలే నేర్పుతాయి గనుక, బ్యాంకు ఉద్యోగానికి అంతకంటే మంచి శిక్షణ లేదని నేను అనుకునేవాణ్ణి.

ఆ ఏప్రిల్‌లో పై ఆఫీసు నుంచి ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాల జాబితా ఒకటి వచ్చింది. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే, ఖాతాలో సొంత డబ్బు అయిపోయాక కూడా బ్యాంకు ఒప్పుకున్న లిమిట్ వరకు తీసుకునే వీలు. వాడినన్ని రోజులకే వడ్డీ. రెండేళ్లుగా ఒక్కసారీ వాడని లిమిట్లను రద్దు చేయమన్నారు. ఇస్తామన్న డబ్బు ఎవరూ తీసుకోకపోయినా దానికోసం బ్యాంకు కొంత మూలధనం పక్కన పెట్టుకోవాలి, అదీ కారణం. జాబితాలో ఉన్నవాళ్లంతా పాత ఖాతాదారులే. నెల గడువుతో అందరికీ నోటీసులు పంపాను. ఆ వారమంతా వాళ్లు వచ్చి అడగడం, నేను ఏదో ఒకటి చెప్పి పంపడం.

వాళ్లలో అప్పలనరసమ్మ ఒకామె. బాగ్‌బేరాలో రైల్వే యార్డు పక్కన వంటశాల నడుపుతూ, ఒక కర్మాగారం క్యాంటీన్‌కి భోజనాలు పంపేది. ఐదు లక్షల లిమిట్ ఉన్నా ఏనాడూ ఒక్క రూపాయి వాడలేదు.

నోటీసు అందిన తరువాతి సోమవారం ఆమె రెండు లక్షల నగదు తీసింది. బుధవారం తిరిగి కట్టేసింది. పై సోమవారం మళ్లీ తీసింది, బుధవారం మళ్లీ కట్టింది. దీన్ని మేము రౌండ్ ట్రిప్పింగ్ అంటాం, డబ్బును వ్యాపారంలో పెట్టకుండా ఊరికే తిప్పడం. సాధారణంగా దాని వెనక ఏదో దాగి ఉంటుంది. వారం వడ్డీలకు తిప్పేవాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువేం కాదు. ఎవరో ఈమె ఖాతాను అడ్డం పెట్టుకున్నారని నాకు గట్టిగా అనిపించింది. శనివారం సిస్టమ్‌లో అలర్ట్ పెట్టాను: "వడ్డీ వ్యాపారం జరుగుతున్నట్టు అనుమానం." ఆ హెచ్చరిక తేలేదాకా ఆ ఖాతాదారుకు బ్యాంకు ఏ ధ్రువీకరణా ఇవ్వదు. సోమవారం ఆమె మూడోసారి తీసింది. డబ్బు ఎవరి చేతిలో ఉందో చూద్దామని మంగళవారం పొద్దున్నే చెప్పకుండా వెళ్లాను.

నాలుగు పొయ్యిల మీద పప్పు, అన్నం ఉడుకుతున్నాయి. ఆమె గరిటె పక్కన పెట్టి చెమట తుడుచుకుంది.

"ఏటి బాబూ, సెప్పకుండా వచ్చినావు? కూకో, టీ తాగు."

టీ వద్దన్నాను. "నిన్న తీసిన డబ్బు ఎక్కడుందమ్మా? ఎవరికైనా వడ్డీకి ఇచ్చారా?"

ఆమె కూతురు సునీతను కేకేసింది. "బీరువాలోది అట్రాయే. బాబుకి మన మీద అనుమానం వచ్చింది."

సునీత నాలుగు కట్టలు తెచ్చి నా ముందు పెట్టి, "గిన్ లీజియే అంకుల్" అంది, లెక్కపెట్టుకోమని. లెక్క అవసరం లేకపోయింది. కాగితపు కట్టు మీద మా క్యాషియర్ ముద్ర, నిన్నటి తేదీ. విప్పనే లేదు.

"మరి ఎందుకు తీస్తున్నారమ్మా?"

"నువ్వే గదా సెప్పినావు, వాడితే ఉంటాది, వాడకపోతే పోద్ది అని! అందుకే వాడతన్నాను. రెండ్రోజులు ఇంట్లో ఎట్టి, తెచ్చి కట్టెత్తన్నాను."

"వాడటమంటే వ్యాపారానికి ఖర్చు పెట్టడమమ్మా."

"అక్కర్లేంది ఖర్చెట్టమంతావా? బేంకోలకి బుద్దుందేటి?"

అక్కర్లేనప్పుడు లిమిట్ మాత్రం ఎందుకని అడిగాను. ఆమె సునీత చేత ఒక ఫైలు తెప్పించింది. ఏటా టెండరుకు జతచేసిన బ్యాంకు ధ్రువీకరణలు అందులో వరుసగా ఉన్నాయి. ఈమెకు మా దగ్గర ఐదు లక్షల లిమిట్ ఉంది, లావాదేవీలు సంతృప్తికరం అని వాటి సారాంశం. చివరి నాలుగింటి మీద సంతకం నాది.

"ఇది లేకపోతే టెండరు కాగితం ముట్టుకోరు బాబూ. శుక్రవారం ఆఖరు. తొమ్మిది మంది ఈ పొయ్యిల మీద బతుకుతన్నారు." గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఆదివారం మైకులో నీ గొంతు ఇక్కడిదాకా ఇనబడతాది. పొరుగోడి మీద అబద్దం సాచ్చికం సెప్పకూడదన్నావు. నా మీద ఏటైనా రాసీసినావా?"

ఫైలు సునీత చేతికిచ్చి బయటికి నడిచాను.

శాఖకు తిరిగొచ్చి మేనేజర్‌తో అంతా చెప్పాను. ఆయన హిందీ మనిషి, మా శాఖకు కొత్త. కుర్చీలో వెనక్కి వాలాడు.

"శనివారం మీరే దొంగ అన్నారు. మంగళవారం మీరే మంచిది అంటున్నారు. మధ్యలో ఆమె ఇంటికి వెళ్లొచ్చారు. ఇద్దరూ తెలుగువాళ్లు. నేనేం అనుకోవాలి, మీరే చెప్పండి."

ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. ఆ మధ్యాహ్నం రాతపూర్వకంగా ఇచ్చాను: వాడమన్నది నేనే, అడగకుండా అలర్ట్ పెట్టిందీ నేనే. నేను సంతకం చేసిన నాలుగు ధ్రువీకరణల ఆఫీసు నకళ్లు జతచేసి, ఆ లిమిట్ టెండరుకు ఆధారంగా నిజానికి ఏటా వాడుకలోనే ఉందని రాశాను. డబ్బు కదిలితేనే వాడకం అని మా స్క్రీన్ అనుకుంటుంది. బుధవారం ఆమె డబ్బు కట్టడానికి వచ్చినప్పుడు మేనేజర్ స్వయంగా కౌంటర్ దగ్గర నిలబడి ఆ కట్టలు చూశాడు. తరువాత క్యాంటీన్ ఆఫీసుకు ఫోన్ చేసి టెండరు సంగతి కనుక్కున్నాడు. గురువారం సాయంత్రం అలర్ట్ మూసి, కొత్త ధ్రువీకరణ ఇచ్చాం.

అప్పలనరసమ్మ దాన్ని సునీత చేత రెండుసార్లు చదివించుకుంది. "సంతకం ఈయనొక్కడిదే? పెద్ద బాబుది కూడా ఎట్టించు" అంది. మేనేజర్ నవ్వకుండా సంతకం పెట్టాడు. టెండరు ఆమెకే వచ్చింది, లిమిట్ నిలిచింది.

అనుమానించడం తప్పని నేను ఇప్పటికీ అనను, నా జీతమే దానికి. అయితే అనుమానం వచ్చాక ముందు అడగాలి, తరువాత రాయాలి. నేను తిరగేసి చేశాను. ఆ ఆదివారం పేరు చెప్పకుండా సంఘం ముందు ఒప్పుకున్నాను. క్షమించిన తప్పును దేవుడు ఇక జ్ఞాపకం ఉంచుకోడని బోధిస్తాను, నమ్ముతాను. మా సిస్టమ్ అలా కాదు. మూసిన అలర్ట్ చెరిగిపోదు. ఆమె ఖాతా తెరిస్తే మొదట నా వాక్యమే కనిపిస్తుంది, కింద చిన్న అక్షరాల్లో "ఆధారం లేదు, ముగించబడినది" అని.

అందుకే మా శాఖకు కొత్త అధికారి ఎవరు వచ్చినా ఆ ఖాతా నేనే తెరిచి చూపిస్తాను. ఇది రాసింది నేనని, రాసే ముందు ఆమెను అడగలేదని చెప్పి, తరువాతే నా సీటుకు వెళ్తాను.